చెరువు లెక్క మత్స్యకారుల ముందే తేలాలి

మా నిజాంపేటలో ఒకప్పుడు చెరువు కింద వరి పండేది. ఇప్పుడు చెరువుల చుట్టూ అపార్ట్‌మెంట్లే. 2019లో ఊరు మున్సిపల్ కార్పొరేషన్ కూడా అయింది. ఆయకట్టు పోయింది. దాంతో పాటు తూము దగ్గర నిలబడి అడిగే రైతూ పోయాడు. ఇలాంటి చెరువుల మీద ఇంకా ఆధారపడి బతికేది వల వేసే మత్స్యకారులే. వారి మాట వినే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

మాకు పడమరగా, అమీన్‌పూర్ మండలంలో గండిగూడెం చెరువు ఉంది. 2017 అక్టోబర్‌లో అక్కడ చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. పరిశ్రమల వ్యర్థాలే కారణమని మత్స్యకారులు ఆందోళనకు దిగారు. ఇలా చేపలు చచ్చిన ప్రతిసారీ జరిగేది ఒకటే. అధికారులు వస్తారు, సీసాలో నీళ్లు పట్టుకుపోతారు. తర్వాత రిపోర్టు ఏమైందో సొసైటీకి తెలియదు.

ఓ సొసైటీ పెద్దమనిషి నాతో అన్న మాట ఇది: "అన్నా, సార్లు పగటీలి వస్తరు. చేప పానం పొయ్యేది తెల్లారగట్ల."

ఇది అచ్చమైన సైన్సు. చేప నీళ్లలో కరిగిన ప్రాణవాయువుతో బతుకుతుంది. లీటరు నీటిలో అది 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే చేపకు మంచిది. మురుగు చేరిన చెరువులో నాచు కమ్ముతుంది. పగలు ఎండకు ఆ నాచు ప్రాణవాయువు విడుస్తుంది, రాత్రి తిరిగి అదే పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. మధ్యాహ్నం జీపు దిగి పరీక్షిస్తే లెక్క బాగానే వస్తుంది. ఆ కాగితం అబద్ధం కాకపోవచ్చు, కానీ అది చేప చచ్చిన వేళది కాదు. ఆ వేళ గట్టు మీద ఉండేది మత్స్యకారుడే. ఆయన్ని పక్కన పెడితే సైన్సే తప్పు దారి పడుతుంది.

చట్టం ఏం చెబుతోందో చూడండి. పరిశ్రమ వదిలే వ్యర్థజలాల నమూనా కోర్టులో చెల్లాలంటే, యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, అతని ముందే నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి అని 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ అంటోంది. యజమానికి ఆ హక్కు ఉండాల్సిందే. మరి ఆ నీళ్లలో చేపలు పోగొట్టుకున్న సొసైటీకి ఎందుకు లేదు?

చేపపిల్లల విషయమూ ఇంతే. 2016-17లో రాష్ట్రంలో ఉచిత పంపిణీ మొదలైంది. చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకూ రిజర్వాయర్లకూ 80-100 మిల్లీమీటర్ల పిల్ల అని లెక్క పెట్టారు. బొచ్చె పైనీళ్లలో, రోహు నడుమ, బంగారు తీగ అడుగున మేస్తాయి కాబట్టి కలిపి వదలాలనేదీ సరైనదే. అయితే చెరువు నిండగానే వదిలితేనే చేప ఎదుగుతుంది. దీపావళి దాటాక వదిలితే చలికి మేత తగ్గుతుంది, ఎండలకు చెరువు అడుగంటుతుంది. యూరియా బస్తా తూకం చూడకుండా మనం తీసుకుంటామా? పిల్ల సైజూ సంఖ్యా సొసైటీ చూసుకోవద్దా?

మన తప్పూ చెప్పుకోవాలి. మందు కొట్టిన డ్రమ్ములు చెరువులోనే కడుగుతున్నాం. యాసంగిలో ఆఖరి తడి కోసం అడుగు నీళ్లు కూడా తోడేస్తున్నాం. తూము ఎంతవరకు తెరవాలో ఆయకట్టు రైతులూ మత్స్యకారులూ పంట ముందే కూర్చుని తేల్చుకుంటే గొడవలుండవు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లోనే బాధ్యతాయుత చేపల వేటకు నియమావళి తెచ్చింది. నిర్ణయాలకు శాస్త్రీయ ఆధారంతో పాటు మత్స్యకారుల సంప్రదాయ జ్ఞానాన్నీ లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. మనం అడిగేది అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ఒకటి, నీళ్ల పరీక్ష నెలనెలా, తెల్లవారుజామున, సొసైటీ ప్రతినిధుల ముందు జరగాలి. రెండు, ఫలితం తెలుగులో సొసైటీ బోర్డు మీద పెట్టాలి. మూడు, నమూనాలో రెండో సీసా సొసైటీకి ఇవ్వాలి. నాలుగు, చేపపిల్లలు చెరువు నిండగానే రావాలి, లెక్క మీద సొసైటీ సంతకం లేనిదే బిల్లు చెల్లించకూడదు.

సంఘం ప్రతి గ్రామ శాఖ వచ్చే సమావేశానికి తమ చెరువు సొసైటీ అధ్యక్షుణ్ని పిలవాలి. ఆయకట్టు ఉన్న ఊళ్లలో ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. మా ఊళ్లో ఆ అవకాశం చేజారింది.