చివరి మాట ఎవరిది?

మా పెద్దమ్మ చనిపోయే ముందు పదిహేడు రోజులు ఐ.సి.యు.లో ఉంది. నోట్లో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం. వాటిని లాగేసుకుంటుందని చేతులు మంచానికి కట్టేశారు. డాక్టర్లు బయట వరండాలో అన్నయ్యలతో మాట్లాడేవాళ్ళు. సంతకాలు వాళ్ళవి, డబ్బు వాళ్ళది, నిర్ణయమూ వాళ్ళదే. అంతకు ఏడాది ముందే పెద్దమ్మ నాతోనూ, కోడళ్ళతోనూ చెప్పింది: "నాకు ఆ గొట్టాలవీ వద్దమ్మా. ఇంట్లో నా మంచం మీద పోనివ్వండి." ఆ మాట నేను గుర్తు చేస్తే పెద్దన్నయ్య, "నీరసంలో ఏదో అంది, అది పట్టుకుంటావేంటి?" అన్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. తల్లి మీద ప్రేమ లేకా కాదు. కానీ అదే మాట పెదనాన్న అని ఉంటే "నాన్నగారి కోరిక" అయ్యేది కదా!

ఇది మా ఇంటి సంగతే అనుకున్నాను, స్టీవెన్ మైల్స్, ఆలిసన్ ఆగస్ట్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనం చదివేదాకా. మాట్లాడలేని స్థితిలో ఉన్న రోగికి ప్రాణాధార చికిత్స కొనసాగించాలా, ఆపాలా అన్న కేసుల్లో అమెరికాలోని పై కోర్టులు ఇచ్చిన తీర్పులను వాళ్ళు పరిశీలించారు. మగ రోగి గతంలో అన్న మాటలను కోర్టులు ఎక్కువగా ఆలోచించి చెప్పిన అభిప్రాయంగా తీసుకున్నాయి. ఆడ రోగి మాటలను ఆవేశంగానో, పరిణతి లేనివిగానో చూశాయి. 1976లో కేరెన్ క్విన్లన్ కేసు చూడండి. తనను యంత్రాల మీద బతికించవద్దని ఆమె స్నేహితులతో అన్న మాటలకు సాక్ష్యంగా తగిన విలువ లేదంది న్యూజెర్సీ సుప్రీంకోర్టు. వెంటిలేటర్ తీసేసే నిర్ణయాన్ని సంరక్షకుడిగా ఆమె తండ్రి చేతిలో పెట్టింది. న్యాయమూర్తుల భాష వేరు, మా అన్నయ్య భాష వేరు. భావం ఒక్కటే.

మన దేశంలో ఈ చర్చకు కేంద్రమైన అరుణా షాన్‌బాగ్ కథ మరీ దారుణం. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరులో అదే ఆసుపత్రిలో పనిచేసే వార్డుబాయ్ కుక్క గొలుసు మెడకు బిగించి ఆమెపై లైంగిక దాడి చేశాడు. అతనికి దాడికీ, దోపిడీకీ మాత్రమే శిక్ష పడింది. ఏడేళ్ళలో బయటికి వచ్చాడు. అరుణ 2015 మే 18 వరకు, దాదాపు నలభై రెండేళ్ళు ఆ ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఆమెకు ఆహారం ఆపడానికి అనుమతించాలని రచయిత్రి పింకీ విరానీ అడిగారు. అన్నేళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్న నర్సులు వద్దన్నారు. 2011 మార్చిలో సుప్రీంకోర్టు నర్సుల పక్షాన నిలిచింది. ఎవరిది న్యాయం అని నేను తేల్చలేను. అరుణ ఏమనేదో ఎవరికీ తెలియదు. నా బాధంతా అదే.

తెలియజేసే దారి ఇప్పుడు ఉంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చంది. దీన్నే లివింగ్ విల్ అంటున్నారు. మొదట దీనిపై మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది అయ్యే పని కాదని 2023 జనవరిలో నిబంధనలు సడలించారు. పద్దెనిమిదేళ్ళు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి. నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధృవీకరించాలి. మనకు మాట పడిపోతే మన తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్ళ పేర్లు రాయాలి. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. దాన్ని అమలు చేసే ముందు రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి. ఇది సూది మందు ఇచ్చి చంపడం కాదు. వద్దన్న చికిత్సను ఆపడం మాత్రమే.

అయితే ఒక భయమూ ఉంది. భర్తకు జ్వరమొస్తే పట్నం, భార్యకొస్తే కషాయం అన్న ఇళ్ళు మనకు తెలియనివి కావు. పిల్లలకు భారం కాకూడదని అడగకముందే తప్పుకునే తల్లులూ ఎంతోమంది. అలాంటి చోట "వద్దు" అన్న సంతకం ఆమె ఇష్టమా, ఆమె మీద పడిన ఒత్తిడా? వైద్యం దొరికే హక్కు ఉన్న మనిషికే వైద్యం వద్దనే హక్కుకు అర్థం ఉంటుంది. గొట్టం తీసేశాక నొప్పి తెలియకుండా చూసే వైద్యం కూడా అందాలి. మార్ఫిన్ దొరకడం సులువయ్యేలా 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కానీ జిల్లా ఆసుపత్రిలో ఆ మందూ, దాన్ని ఇవ్వడం తెలిసిన డాక్టరూ లేకపోతే పేదరాలికి ఆ సవరణ వల్ల ఒరిగేదేమీ లేదు. కాబట్టి రెండూ అడుగుదాం. బతకడానికి కావలసిన వైద్యం, చాలు అన్నప్పుడు ఆ మాటకు విలువ.

చావు మాట ఎత్తితే అశుభమంటారు. రోగికి గంజి కాచి, పక్క దులిపి, మలమూత్రాలెత్తేది మనం. వరండాలో డాక్టరు పిలిచినప్పుడు మాత్రం మనం వెనక నిలబడతాం. మీ అమ్మను, అత్తను ఈ పండక్కి కూర్చోబెట్టి అడగండి, "నీకేం కావాలి?" అని. చెప్పింది రాయించండి. మీదీ రాసుకోండి. ఏం జరిగిందో మాకు ఉత్తరం రాయండి. నేను నాది రాశాను. సాక్షి సంతకం చేసింది మా పెద్దమ్మ చిన్న కోడలు.