పాపానికి రక్తపరీక్ష

నెల్లూరు నుంచి బిట్రగుంటకు ప్యాసింజర్ బండిలో వచ్చేవాళ్లకు ఆ కాగితాలు కొత్త కాదు. బాత్రూం తలుపు మీద, సీటు వెనక, అరచేతి వెడల్పున అంటించి ఉంటాయి. నరాల బలహీనత, ధాతు నష్టం, సుఖవ్యాధులు, ఏ జబ్బయినా సరే, ఫలానా ఊళ్లో ఫలానా లాడ్జి, నెలలో ఒకటి రెండు రోజులు డాక్టరు గారి దర్శనం. చదివి నవ్వుకునేవాళ్లే ఎక్కువ. ఎవరూ చూడకుండా ఆ నంబరు ఫోనులోకి ఎక్కించుకునేవాడు కూడా అదే పెట్టెలో ఉంటాడు. నా గోడు అతని గురించే.

హైవే మీద లారీ నడిపేవాడు కావచ్చు, చెన్నైలో కంపెనీ ఉద్యోగి కావచ్చు. ఎప్పుడో ఒక రాత్రి తప్పటడుగు వేశాడు. కొన్ని వారాలకు అరికాళ్ల మంటలు, నాలుక మీద తెల్లపూత, మెడ పక్కన చిన్న బిళ్ల, రాత్రిళ్లు చెమటలు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నాడు. నెగెటివ్. సొంతూళ్లో అయితే ఎవరైనా చూస్తారని కావలి వెళ్లాడు, తర్వాత నెల్లూరు. అన్నిచోట్లా నెగెటివే. "మిషన్ తప్పు చూపించి ఉండదా అన్నా?" అని ల్యాబ్ కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడుగుతాడు. రిపోర్టులన్నీ మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో బట్టల అడుగున దాస్తాడు.

అతను నటిస్తున్నాడని ఎవరూ అనుకోవద్దు. మంట నిజం, చెమట నిజం. భయపడ్డ మనిషి గబగబా ఊపిరి పీలుస్తాడు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, వేళ్లకు తిమ్మిర్లెక్కుతాయి. నిద్ర ఉండదు, తిండి సహించదు, బరువు తగ్గుతాడు. మెడ బిళ్లను రోజంతా నొక్కి చూసుకుంటే అది నొప్పి పుట్టక ఏం చేస్తుంది? అద్దం ముందు నాలుక చాపి చూసుకునే అలవాటు లేనివాడికి తన నాలుక మీద పూత ఉన్న సంగతే తెలియదు. బ్రిటన్ వైద్యులు 1985లోనే ఈ బాధను గుర్తించి రాశారు. ఎయిడ్స్ భయమే ఎయిడ్స్ లక్షణాల వేషం కట్టుకొస్తుందని.

ఇక పరీక్ష సంగతి. రక్తనాళం నుంచి తీసిన రక్తంతో ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష, సోకిన 18 నుంచి 45 రోజుల్లో వైరస్ జాడ పట్టేస్తుంది. ఏ రకం పరీక్షకైనా 90 రోజుల గడువు చాలు. మన ప్రభుత్వాసుపత్రుల్లోని హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీల్లో) పాజిటివ్ అని చెప్పాలంటే మూడు వేర్వేరు కిట్లు అవుననాలి. నెగెటివ్‌కు మొదటి కిట్ ఒక్కటే చాలు. ఎందుకంటే, లేనిదాన్ని ఉందని పొరబడినా పొరబడవచ్చు గానీ ఉన్నదాన్ని మాత్రం వదలకూడదు అన్న లెక్కతోనే ఆ మొదటి కిట్‌ను ఎంచుకుంటారు. అసలు వైద్యం తీసుకోని మనిషిలో ఎయిడ్స్ దశ రావడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. అప్పటికి రక్తంలో యాంటీబాడీలు ఎప్పుడో తయారై ఉంటాయి. జబ్బు ఒంటిని పీల్చేస్తోంది గానీ పరీక్షకు మాత్రం దొరకడం లేదు అనే వాదన నిలబడదు.

అయినా అతను ఎందుకు నమ్మడు? పైకి చూస్తే పెద్ద సంశయవాదిలా ఉంటాడు. కిట్టును శంకిస్తాడు, టెక్నీషియన్‌ను శంకిస్తాడు, గడువును శంకిస్తాడు. తన భయాన్ని మాత్రం ఒక్కసారీ శంకించడు. జాతకం నిజమైతే జ్యోతిష్కుడి గొప్ప, కాకపోతే పరిహారం చాల్లేదంటారే, అచ్చం ఆ బాపతు. ఏ రుజువు వచ్చినా చెక్కుచెదరనిదాన్ని నమ్మకం అంటాం, అనుమానం అనం.

ఆ నమ్మకం పేరు కర్మఫలం. తప్పు చేశాను కాబట్టి శిక్ష పడి తీరాలి, పడలేదంటే ఇంకా పడబోతోంది. చిన్నప్పటి నుంచి విన్న "పాపం పండింది" అన్న మాట అతని ఒంట్లో ఏ వైరస్ కన్నా గట్టిగా పాతుకుపోయింది. రక్తంలో హెచ్‌ఐవీ ఉందా అని ల్యాబు చూస్తుంది, అతను అడుగుతున్నది నా పాపం పోయిందా అని. దానికి ఏ కిట్టూ జవాబు చెప్పదు. అందుకే పరీక్ష ఒక మొక్కుగా మారుతుంది. నెగెటివ్ కాగితం చేతికొచ్చిన నాలుగు రోజులు ప్రశాంతం, మళ్లీ గుబులు, మళ్లీ సూది. కొండబిట్రగుంట గుడి మెట్లెక్కి తలనీలాలు ఇచ్చొచ్చినా అంతే.

ఈ భయాన్ని పెంచింది మతం ఒక్కటే కాదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా, పులిరాజా అనే కల్పిత పాత్ర పేరుతో, "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు వెలిశాయి. జనం నోళ్లలో నానాయి, ఎయిడ్స్ మాట వీధిలోకి వచ్చింది, మంచిదే. కానీ మనకు గుర్తుండిపోయింది భయమూ వెక్కిరింతా. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోందనీ, మందులు సరిగ్గా వాడేవాళ్లు అందరిలాగే బతుకుతున్నారనీ అంత గట్టిగా ఎవరు చెప్పారు?

భయం మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. 2020 ఫిబ్రవరిలో శ్రీకాళహస్తి దగ్గరి పల్లెలో నడివయసు మనిషి ఒకాయన, మామూలు జ్వరాన్ని కరోనా అనుకుని, ఇంటివాళ్లను దగ్గరికి రానీయక ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి రాష్ట్రంలో ఒక్క కరోనా కేసూ తేలలేదు. మొదటిది మార్చిలో మన నెల్లూరులోనే బయటపడింది.

ల్యాబును నమ్మనివాళ్లం దేన్ని నమ్ముతాం? 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం కట్టిన బారులు గుర్తున్నాయి కదా. హాని లేదన్నారే గానీ కరోనాను నయం చేస్తుందని ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక కూడా చెప్పలేదు. కంట్లో వేసే చుక్కలకు ప్రభుత్వం అనుమతే ఇవ్వలేదు. లాడ్జి వైద్యుడి దారి ఇంకా సులువు. లేని జబ్బుకు మందిస్తాడు కాబట్టి నయం చేశానని చెప్పుకోవడం తేలిక. ఎయిడ్స్‌ను నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదని ఔషధ నిబంధనల జే షెడ్యూలు అంటుంది. రైలుపెట్టెలో కాగితం అంటించేవాడికి ఆ షెడ్యూలుతో పనేముంది?

ఈ తతంగంలో అసలు నష్టపోయేది పెళ్లాం. కారణం చెప్పకుండా మొగుడు వేరే గదిలో పడుకుంటాడు. పిల్లల్లేరేమని అత్తగారు దెప్పేది కోడల్నే. దీని గురించి రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

కాబట్టి అయ్యా, 90 రోజులు దాటాక చేసిన పరీక్ష నెగెటివ్ అయితే, ఆ తర్వాత కొత్తగా ప్రమాదమేదీ జరక్కపోతే, ఇక హెచ్‌ఐవీకి సూది గుచ్చించుకోవద్దు. అరికాళ్లు మండుతున్నాయా, షుగరూ బీ12 చూపించుకోండి. అయినా హెచ్‌ఐవీ భయం పోకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆరోగ్యం గురించి అదుపులేని ఆందోళనకు మాటలతో చేసే చికిత్సా ఉంది, మందులూ ఉన్నాయి. హెచ్‌ఐవీ సందేహాలకు 1097, మనసు బాధకు టెలీమానస్ 14416. రెండూ ఉచితమే. బీరువాలో బట్టల అడుగున ఉన్న ఆ కవరు తీసి, ముందు మీ ఆవిడకు చూపించండి.