అట్ట విప్పని బొమ్మ బొమ్మేనా?

కిందటి సంచికలో ఒక మిత్రులు పిల్లలకు సేకరణ అలవాటు చేయాలంటూ రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాము. తపాలా బిళ్ళలు, నాణాలు, చిన్న కార్లు, ఏవైనా సరే, సేకరణ వల్ల పిల్లలకు క్రమశిక్షణ అబ్బుతుందనీ, పైపెచ్చు అది పెట్టుబడి కూడా అనీ వారు సెలవిచ్చారు. వచ్చే సంక్రాంతి సభలో సభ్యుల సేకరణలన్నీ బల్లల మీద పేర్చి, "ముట్టుకోరాదు" అని చీటీలు అంటించి ప్రదర్శన పెడదామని కూడా సూచించారు. ఆ బల్లల్లో ఒకటి మాకు కేటాయించారని తరువాత ఫోనులో తెలిసింది. అభిమానానికి కృతజ్ఞులం. కాని ఆ బల్ల మాకు వద్దు. ఎందుకు వద్దో చెప్పవలసిన బాధ్యత ఉంది కనక ఈ నాలుగు మాటలు. "మేము" అంటే ఈ ఇంటి భార్యాభర్తలిద్దరం. పోగుచేసిన పాపం ఒకరిది, ఇరవై రెండేళ్ళు దుమ్ము దులిపిన పాపం రెండోవారిది. రాస్తున్నది ఇద్దరం.

మా ఇంట్లో పోగుపడినవి హాట్ వీల్స్ కార్లు. పిల్లలున్న ఇళ్ళలో తెలియనివారుండరు, తెలియని పెద్దలకోసం చెబుతున్నాం. మూడంగుళాలకు లోపు పొడవు. జింకు మిశ్రలోహాన్ని కరిగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి పోసిన పైభాగం. అడుగున ఒక పలక, రెంటినీ పట్టి ఉంచే రివిట్లు. ఆ పలక తిప్పి చూస్తే చాలావాటిమీద "మలేషియా" అనీ, కొన్నిటిమీద "థాయిలాండ్" అనీ ఉంటుంది. కారును ఒక రంగుల అట్టమీద పెట్టి, పైన ప్లాస్టిక్ బుడగ అతికించి అమ్ముతారు. మన కథంతా ఆ బుడగ చుట్టూ తిరుగుతుంది.

1968లో కాలిఫోర్నియాలోని మాటెల్ కంపెనీ మొదటి పదహారు కార్లను బజారులోకి వదిలింది. అప్పటికి చిన్న కార్లంటే ఇంగ్లండు నుంచి వచ్చే మ్యాచ్‌బాక్స్ కార్లే. అవి చూడముచ్చటైనవి, కాని పరుగు తక్కువ. మాటెల్ స్థాపకుల్లో ఒకరైన ఎలియట్ హ్యాండ్లర్ కోరినది ఆ పరుగే. సన్నని తీగ ఇరుసులు, రాపిడి తక్కువైన ప్లాస్టిక్ చక్రాలు, కింద నారింజ రంగు పట్టా. ఏటవాలుగా పెట్టి వదిలితే కారు జారదు, దూసుకుపోతుంది. ఆ రోజుల్లో చక్రాలకు ఎర్రగీత ఉండేది, 1977తో అది పోయింది. మ్యాచ్‌బాక్స్ వారు ఆ దెబ్బనుంచి పూర్తిగా కోలుకోలేదు. ఆ కంపెనీ 1982లో దివాలా తీసింది, చేతులు మారి మారి 1997లో ఆ పేరు కూడా మాటెల్ ఇంటికే వచ్చి చేరింది. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఈ బొమ్మ పుట్టింది పరుగెత్తడానికి. గోడకు వేలాడడానికి కాదు.

దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాను ఒకటి, వెనక అద్దంలోంచి రెండు సర్ఫింగ్ పలకలు పొడుచుకుని ఉండేటట్టు నమూనా తయారుచేశారు. పేరు బీచ్ బాంబ్. ఆ కాలంలో పట్టామధ్య ఒక మోటారు గూడు పెట్టేవారు, అది కార్లను పట్టుకుని ముందుకు విసిరేది. ఈ వ్యాను మరీ సన్నగా, పైబరువుగా ఉండి అందులో సరిగా నడవలేదు. నడవదని తేలగానే దాన్ని పక్కకు పెట్టి, ఒళ్ళు వెడల్పుచేసి, పలకలను పక్క అరల్లోకి మార్చి, అప్పుడు గాని అమ్మకానికి పంపలేదు. అంటే 1969లో తీర్పు చెప్పింది పట్టా. ఇవాళ సేకరణదారుల లోకంలో అన్నిటికన్నా ఖరీదైనది ఏదనుకుంటున్నారు? ఆ ఓడిపోయిన నమూనాయే. అందులో గులాబీరంగుది లక్ష డాలర్లకు పైమాటే అంటారు. బాగా పరుగెత్తిన వ్యాను పిల్లల చేతుల్లో అరిగి చెత్తబుట్టలో పడింది. నడవలేనిది అద్దాల పెట్టెలో మహారాజభోగం అనుభవిస్తున్నది. ఇందులో వింతేమీ లేదనుకునేవారికి మేము చెప్పగలిగిందీ ఏమీ లేదు.

ఇక మా సంగతి. 2002లో మావాడికి నాలుగేళ్ళు. జ్వరం వచ్చి తగ్గిన రోజున మందుల షాపులో కొక్కేనికి వేలాడుతున్న ఒక నీలం వ్యాను కొనిపెట్టాం. డాలరు. కారులోనే అట్ట చింపేశాడు. మెట్లమీదినుంచి, సోఫా చేతిమీదినుంచి, వాళ్ళ నాయనమ్మ వచ్చినప్పుడు ఆవిడ వీపుమీదినుంచి కూడా దాన్ని నడిపాడు. మరి నాలుగు కొన్నాం, పది కొన్నాం, నారింజ పట్టా కొన్నాం. అంతవరకు అది ఆట. ఎప్పుడు కాకుండా పోయిందో మాకు స్పష్టంగా జ్ఞాపకం ఉంది. ఒకరోజు ఆఫీసులో ఒక పెద్దమనిషి, "విప్పకండి, విప్పితే విలువ పోతుంది" అన్నాడు. ఆ మాట చెవిలో పడ్డాక రెండేసి కొనడం మొదలు, ఒకటి పిల్లవాడికి, ఒకటి దాచడానికి. తరువాత ఒకటే, అదీ దాచడానికి. మావాడు పట్టాలు మడిచి బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. మేము మాత్రం ఆగలేదు. వాడు కాలేజీకి వెళ్ళిపోయాక వాడి గదికి కూడా కొక్కేలు కొట్టాం. ఇప్పటికి 2,300 పైచిలుకు ఉన్నాయి. వాటిలో విప్పినవి అరవై ఉంటాయేమో.

ఉత్సాహం ఒక్కరోజున చావలేదు. మొదట విసుగు వచ్చింది. ఈమధ్య సంవత్సరాల్లో మామూలు వరసలోనే ఏడాదికి 250 నంబర్లు వేస్తున్నారు. అన్నీ కొత్తవి కావు. ఒకే అచ్చు ఈ ఏడు ఎరుపులో, వచ్చే ఏడు నలుపులో, ఆపై ఏడు మంటల బొమ్మతో వస్తుంది. కపాలం ముఖం పెట్టుకున్న బోన్ షేకర్ అనే కారు 2006లో మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరం ముచ్చటపడ్డాం. తరువాత దాన్ని ఎన్ని రంగుల్లో కొన్నామో లెక్కపెడితే మాకే సిగ్గేసింది. ఒకే చీరను రంగులద్ది మళ్ళీ మళ్ళీ తెచ్చే వ్యాపారిని మన ఆడవాళ్ళు గుమ్మం ఎక్కనిస్తారా? మేము ఎదురువెళ్ళి పిలిచాం.

విసుగు తరువాత వచ్చింది ఇంకా చెడ్డది. 1995లో "ట్రెజర్ హంట్" అని పన్నెండు కార్లు ప్రవేశపెట్టారు, ఒక్కొక్కటి పదివేలు మాత్రమే. 2007నుంచి వాటిలోనే మామూలువీ, మరింత అరుదైనవీ అని రెండు తెగలు. అరుదైనదానికి మెరిసే రంగు, రబ్బరు టైర్లు. మామూలు కార్ల మధ్యనే, మామూలు ధరకే, ఎక్కడో ఒకటి కలిపి పంపుతారు. 72 కార్ల పెట్టె విప్పగానే ముందు ఎవరు చూస్తే వారిది. దీనిపేరు నిధివేట, మన భాషలో లాటరీ. తెల్లవారుజామున ఆరింటికి, మంచులో, షాపు తలుపు దగ్గర నిలబడ్డ ఐదారుగురు నడివయసు మగవాళ్ళను మీరెప్పుడైనా చూశారా? వారిలో ఒకరు ఈ వ్యాసకర్తల్లో సగం. తలుపు తెరవగానే ఎవరూ పరుగెత్తరు, పరువు అడ్డం వస్తుంది. అందరం గబగబా నడుస్తాం. పెట్టె అడుగుదాకా తోడి, మంచివి ఏరి, వద్దన్నవి చెల్లాచెదురుగా వదిలి వస్తాం. వాటిలో కొన్ని ఆ సాయంత్రానికే పదింతల ధరకు అమ్మకానికి ఉంటాయి. మన ఊళ్ళలో సినిమాహాలు ముందు బ్లాకులో టిక్కెట్లు అమ్మేవాడిని చీదరించుకుని పెరిగిన తరం మనది. వాడికి కనీసం ఇంట్లో పొయ్యి వెలగాలన్న అవసరం ఉండేది.

ఒకనాడు తొమ్మిది గంటలకు అదే షాపుకు పాలకోసం మళ్ళీ వెళ్ళాము. ఒక తల్లి చిన్న పిల్లవాణ్ణి తీసుకుని ఆ అరముందు నిలబడి ఉంది. ఉతికిన బట్టలేవో ఇంకా వాసనపోని యూనిఫారంతో, రాత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది. పిల్లవాడు పోలీసు కారు కావాలంటున్నాడు. కొక్కేనికి మిగిలినవి వంగిన అట్టలతో రెండో మూడో. పోలీసు కార్లు మూడు ఆ ఉదయం మా సంచీలో ఇంటికి వచ్చాయి. ఒకటి మాకు, రెండు మార్పిడికి. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు. ఇంటికి వెళ్ళి ఒకటి తెచ్చి ఇవ్వవచ్చునన్న ఆలోచన కూడా ఆ రాత్రికి గాని రాలేదు.

పెట్టుబడి సంగతి చూద్దాం. మా మిత్రులు లెక్కల మనిషి కనక ఆయనకు లెక్కే చెబుతాం. 1968నాటి ఎర్రగీత కార్లకు ఇవాళ ధర ఎందుకు ఉంది? నాటి పిల్లలు వాటితో ఆడి, విరగ్గొట్టి, ఇసుకలో పూడ్చి, పారేశారు. మిగిలినవి కొన్నే. మరి ఇవాళ దేశమంతా పెద్దమనుషులు గంపలకొద్దీ కొని బుడగ చెదరకుండా దాస్తుంటే, రేపు కరువు దేనికి వస్తుంది? అందరూ దాచినదానికి కరువు ఉంటుందా? కిందటేడు మూడు పెట్టెలు బొమ్మల సంతకు పట్టుకెళ్ళాం. వర్తకుడు మూతతీసి, పైవరస చూసి, కారుకు అర డాలరు చొప్పున మొత్తంగా ఇస్తానన్నాడు. కొన్నప్పుడు డాలరు. మధ్యలో బేస్‌మెంటు తడి తీయడానికి కొన్న యంత్రం, దాని కరెంటు ఖర్చు మేము వేయలేదు. ఆ డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉన్నా ఇంతకన్నా నయం.

క్రమశిక్షణ అన్నారు. ఏ క్రమశిక్షణ? జాబితాలో లేనిదాన్ని చూస్తే నిద్రపట్టకపోవడమా? ఇది సముద్రాలు దాటి మనవాళ్ళకూ పాకింది. ఒకప్పుడు ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో బాదంపప్పు, చాక్లెట్లు, అత్తయ్యకు విటమిను మాత్రలు సర్దేవాళ్ళం. ఇప్పుడు హైదరాబాదునుంచి ముప్ఫై దాటిన మేనల్లుడు నంబర్లతో సహా జాబితా పంపుతున్నాడు, "మామయ్యా, అట్ట మూలలు వంగకుండా తీసుకురండి" అని. వాడికి ఇద్దరు పిల్లలు. వాళ్ళ కోసమేమో అనుకుని అడిగితే, "అమ్మో, వాళ్ళకు కనబడనిస్తానా!" అన్నాడు. తప్పు వాడిది కాదు, నేర్పింది మేము.

తాగుడు, పేకాటకన్నా నయం కదా అనే వాదనకు జవాబివ్వము.

పోయిన సంక్రాంతికి మా ఇంట బొమ్మల కొలువు పెట్టాం. పై మెట్లమీద పుట్టింటినుంచి తెచ్చుకున్న కొండపల్లి బొమ్మలు. అంబారీ ఏనుగుకు ఒక దంతం లేదు, అది పోగొట్టింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. కింది మెట్టుమీద, అట్టలతో సహా, పన్నెండు కార్లు. పేరంటానికి వచ్చినవాళ్ళలో నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఆ మెట్టుముందు కూచుండిపోయింది. "తాతా, తీయొచ్చా?" అంది. "వద్దమ్మా, చూడాలంతే" అన్నాం. పిల్ల ఏడవలేదు, మారాం చేయలేదు, చేతులు వెనక్కి పెట్టుకుని చూసింది. వాళ్ళ మామ్మగారు మాత్రం తాంబూలం అందుకుంటూ, "ఏనుగును ముట్టుకోనిచ్చారు, డాలరు కారును ముట్టుకోనివ్వరేమమ్మా?" అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగారు. మాకు జవాబు తోచలేదు.

ఆ వారంలోనే మావాడికి ఫోను చేసి, ఇవన్నీ తీసేద్దామనుకుంటున్నాం, నీకేమైనా కావాలా అని అడిగాం. 2,300 కార్ల పట్టీ చదవబోతుంటే ఆపి, "మొదటి నీలం వ్యాను, ముందు చక్రం ఊడినది, అదుందా?" అన్నాడు. లేదు. 2009లో బేస్‌మెంటు సర్దినప్పుడు, విలువలేనివన్నీ ఒక సంచీలో వేసి పారేశాం. "పోనీలే నాన్నా" అన్నాడు. తరువాత ఆఫీసు సంగతులు మాట్లాడాడు.

కనక కార్యవర్గానికి మా విన్నపం ఇది. బల్ల వద్దు, చీటీ అసలే వద్దు. హాలులో వెనక గోడవారగా పది గజాల నేల ఇప్పించండి. నారింజ పట్టాలు మేమే తెస్తాం, పాతవి కొంచెం వంకరపోయాయి, టేపు అంటిస్తే సరిపోతుంది. ఆరు పెట్టెల కార్లు, రెండు కత్తెరలు తెస్తున్నాం. అట్టలు చింపడానికి పెద్దలు అక్కరలేదు, ఆ పని పిల్లలకు బాగా వచ్చు. ఆడుకున్నవి ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. మూడేళ్ళలోపు వాళ్ళను మాత్రం కాస్త దూరంగా కూచోబెట్టండి, చక్రాలు ఊడితే నోట్లో పెట్టుకుంటారు.