పాలెం దాకా పోని దారి

ఉదయగిరికి వచ్చినవాళ్లు కోట చూస్తారు. ఓపికుంటే కొండెక్కుతారు, లేదంటే కిందినుంచే ఫొటో తీసుకుంటారు. గజపతుల నుంచి కృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్న దుర్గమని పిల్లలకు చెప్పి, నాలుగు చెక్క గరిటెలు కొనుక్కుని బస్సెక్కుతారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1885లో ఆ ఊళ్లోనే మకాం వేసిందని, 1893లో ఆత్మకూరుకూ వచ్చిందని చెప్పేవాళ్లు అరుదు.

మెదక్ చర్చి చూడటానికి బస్సులు కట్టుకుని పోతాం. ఎత్తైన గోపురం దూరం నుంచే పిలుస్తుంది. మా అనంతసాగరం వైపు పాత చర్చిలు అలా పిలవవు. మొన్న ఆదివారం నేను పోయిన చర్చికి గోపురమే లేదు. సున్నం కొట్టిన నాలుగు గోడలు, గుమ్మం ముందు చెప్పుల వరస, లోపల చాపలు. గంట బదులు వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. ఒక పెద్దాయన ఇనప కడ్డీతో దాన్ని మూడుసార్లు కొట్టి, "వందనాలు సార్, లోపలికి రండి" అన్నాడు. పక్క ఊళ్లోనే ఇన్నేళ్లున్నా ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలని అప్పుడు తట్టి, సిగ్గేసింది.

ఎందుకంటే ఈ చర్చిలు ఉన్నది పాలెంలో, అంటే ఊరి బయటి దళితవాడలో. గుడికి, కోటకు పోయే దారి ఊరి మధ్యనుంచే పోతుంది, పాలెం దాకా పోదు.

ఈ చరిత్రను దొరల కథగానే చెప్పుకోవడమూ పొరపాటే. తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, కాలినడకన పల్లెపల్లెకూ క్రీస్తు మాట మోశాడు. కూటి కోసం మతంలో కలిశారన్న ఎత్తిపొడుపు నేటికీ వినిపిస్తుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించిన మాట నిజం. ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడన్నదీ అంతే నిజం. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో దిగి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

బాప్టిస్టులకు నీళ్లు చిలకరిస్తే చాలదు, మనిషి నిండా మునగాలి. కాబట్టి ఏరు, చెరువుగట్టు కూడా వాళ్ల చరిత్రలో భాగమే. మిగిలిన చరిత్ర సంఘం పుస్తకంలో ఉంటుంది. భూమి లేక ఏ పట్టాలోనూ ఎక్కని మనుషుల పేర్లు ఆ బాప్తిస్మాల పట్టీలో ఎక్కాయి. మునిమనవలకు అదే వంశవృక్షం.

ఇప్పుడు పాత మందిరం పడగొట్టి టైల్స్ వేసిన కొత్తది కట్టుకోవాలన్న ఉత్సాహం చాలాచోట్ల ఉంది. జనం పెరిగారు, కట్టుకోవాలి, కాదనను. సంఘ పెద్దలకు ఒక్కటే మనవి: గునపం వేసే ముందు శిలాఫలకాన్ని పక్కన పెట్టండి, పుస్తకాల్లో ప్రతి పేజీకీ ఫొటో తీయించండి. పాఠకులకూ ఒక మాట: ఈసారి ఉదయగిరి పోతే కోట చూశాక పాలెం ఎటో అడగండి.