తాళపుచెవులు, లెక్కలు

మా వద్ద చదువుకొని వెళ్లిన ఒక యువకుడు ఈ మధ్య మమ్మల్ని కలవడానికి వచ్చాడు. తండ్రి హఠాత్తుగా మరణించగా పంతొమ్మిదో ఏటనే దుకాణం తాళపుచెవులు అతని చేతికి వచ్చాయి. జనాజా నమాజు ముందు, తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే తన వద్దకు రమ్మని అతడు ప్రకటించాడు. ముగ్గురు వచ్చారు. ఒక్కరి దగ్గరే పత్రం ఉంది. "ఎవరి మాట నమ్మాలి హజ్రత్? అబ్బా నాతో ఏనాడూ లెక్క చెప్పలేదు" అన్నాడు.

తాను చదివిన ఒక ఆంగ్ల నవలను కూడా అతడు మాకు వివరించాడు. అది కేథరిన్ ఆడిసన్ 2014లో వెలువరించిన 'ది గాబ్లిన్ ఎంపరర్'. ఊహాలోకపు కథ. అందులోని దైవాలు, ఆరాధనలు మనకు సమ్మతం కావు. కాని కథానాయకుడైన మైయా స్థితి ఆలోచింపజేస్తుంది. తల్లి పరజాతి స్త్రీ. చక్రవర్తియైన తండ్రి ఈ చిన్న కొడుకును ఆస్థానానికి దూరంగా, చేయి చేసుకునే ఒక సంరక్షకుని కింద ఉంచాడు. ఆకాశనౌక ప్రమాదంలో తండ్రి, ముగ్గురు అన్నలు ఒకేసారి మరణించగా పద్దెనిమిదో ఏట సింహాసనం అతనిదైంది. రాచమర్యాదలు సైతం తెలియని ఆ కుర్రవాడు తెలియనిది అడిగి నేర్చుకున్నాడు. తనను కొట్టిన సంరక్షకునిపై పగ తీర్చుకోక, దూరంగా ఒక కొలువు ఇచ్చి పంపివేశాడు.

ఇక మన చరిత్రను చూడండి. హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)కు ఇరవై ఏళ్లు నిండకమునుపే దైవప్రవక్త (స) సైన్యాధిపత్యం అప్పగించారు. ఆయన వయస్సును కొందరు ఆక్షేపించినా ప్రవక్త (స) తమ నిర్ణయం మార్చుకోలేదు. తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ సైన్యాన్ని సాగనంపుతూ, ఉసామా (రజి) వాహనంపై ఉండగా తాము కాలినడకన వెంట నడిచారు. హజ్రత్ ఉమర్ (రజి)ను మదీనాలో ఉంచుకోవడానికి ఖలీఫాయే ఆ యువకుని అనుమతి కోరారు.

వయస్సు ఇద్దరిదీ ఒక్కటే. ఒకరు ప్రవక్త (స) ప్రేమలో, పెద్దల మధ్య పెరిగారు. మరొకడు వెలివేతలో పెరిగాడు. కనుక లోపం లేత వయస్సులో లేదు, సిద్ధం చేయని పెద్దలలో ఉంది.

దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పును వ్రాసిపెట్టమని ఆదేశిస్తోంది. బాకీలు, వీలునామా తీరిన తర్వాతనే వారసత్వపు పంపకం. ఆ బాకీలే తెలియని కుమారుడు తండ్రి భారాన్ని ఎలా దించగలడు?

దావా చేసినవారే సాక్ష్యం చూపాలని, అయినా ముందు తల్లిని, తండ్రి మిత్రులను అడగమని ఆ యువకునికి చెప్పాము. మరునాడు ఫోను చేశాడు. రెండో బాకీ నిజమేనని, ఆ సొమ్ముతోనే చెల్లెలి నికాహ్ జరిగిందని తల్లి చెప్పిందట. మూడవది ఇంకా తేలలేదు.

సోదరులారా! ఈ రాత్రి ఇషా తర్వాత మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. బాకీలు, అమానతులు, చెల్లించవలసిన జకాత్, భార్యకు ఇవ్వవలసిన మహర్ వారికి చెప్పండి, వ్రాసిపెట్టండి. మన తర్వాత తాళపుచెవులు ఎలాగూ వారికే చేరుతాయి. లెక్కలు మాత్రం మనం ఉండగానే చేరాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.