మనస్సులోని సణుగుడుకు చిరునవ్వుతో సమాధానం

“నా బుర్ర మొద్దు, నాకు హిఫ్జ్ రాదు.” “నా చేయి పడితే పచ్చని పైరు కూడా ఎండిపోతుంది.” “నేను మంచి తల్లిని కాలేకపోయాను.” నర్సరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో మేము తరచుగా వినే మాటలివి. పరాయివారు ఈ మాటలంటే మనం ఊరుకోము. మనల్ని మనమే రోజుకు పదిసార్లు అనుకుంటే మాత్రం దానిని వినయమని భ్రమపడతాము.

వినయం మనిషిని సజ్దాలో వంచి, తిరిగి లేపి పనిలోకి పంపుతుంది. ఆత్మనింద మనిషిని మూలన కూర్చోబెడుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని చివరి సూరా ‘అన్ నాస్’ 6 ఆయతులలో, హృదయాలలో గుసగుసలు నింపేవాడి కీడు నుండి అల్లాహ్ శరణు కోరడం మనకు నేర్పబడింది. అక్కడ వాడిని ‘ఖన్నాస్’ అన్నారు. అంటే వెనుకంజ వేసేవాడని అర్థం. వాడి బలహీనత వాడి పేరులోనే ఉన్నది.

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. తన మనస్సు నీచమైపోయిందని ఎవరూ చెప్పుకోరాదని, అందుకు బదులు మనస్సు బాగాలేదనే తేలికైన మాట వాడాలని దైవప్రవక్త (స) బోధించారు. ఉన్న స్థితిని చెప్పుకోవడాన్ని ఆయన నిషేధించలేదు. తన మీద తాను వేసుకునే బరువైన ముద్రను మాత్రమే తొలగించారు. ఈ బోధన ఆధారంగా ఇంటిల్లిపాదీ ఆడుకోదగిన కొన్ని ఆటలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది, మాట మార్చే ఆట. మా తరగతిలో ఏ పిల్లవాడైనా “నేను మొద్దును” అంటే, పక్కవాడు వెంటనే “మాట మార్చు” అంటాడు. అప్పుడు వాడు “ఈ రోజు ఈ సబఖ్ నాకు పట్టుబడలేదు” అని చెప్పాలి. పట్టుకున్నవాడికీ, మార్చినవాడికీ చెరొక ఖర్జూరం!

రెండవది, సణుగుడుకు పేరు పెట్టడం. మనుషులకు ఎగతాళి పేర్లు పెట్టరాదని ‘అల్ హుజురాత్’ సూరా 11వ ఆయతు ఆదేశిస్తున్నది. గుసగుసకు పెడితే దోషం లేదు. మా బాలలు దానికి ‘సణుగుడు సాహెబ్’ అని పేరు పెట్టారు. “సాహెబ్ గారూ, మీ మాట విన్నాము. ఇప్పుడు చదువుకోవాలి, అస్ర్ తరువాత దయచేయండి” అని సాగనంపుతారు. అస్ర్ తరువాత ఆటస్థలంలో ఆ సాహెబ్ ఎవరికీ గుర్తుండడు.

మూడవది, మాటను అరగదీయడం. ఏ మాటనైనా ఆపకుండా వేగంగా పలుకుతూ పోతే, అది అర్థం కోల్పోయి వట్టి శబ్దంగా మిగులుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టిచెనర్ గమనించాడు. నేటి వైద్య నిపుణులు కూడా ఈ ఉపాయాన్ని వాడుతున్నారు. “మొద్దు, మొద్దు, మొద్దు” అని అర నిమిషం పలికి చూడండి, నవ్వు రాక మానదు. అయితే దైవనామాలతో, ఆయతులతో ఇటువంటి ఆట ఎన్నడూ తగదు.

నాలుగవది, గుసగుస తర్కాన్ని చివరిదాకా సాగదీయడం. బాగ్దాదుకు చెందిన ఇమామ్ ఇబ్న్ అఖీల్ (హిజ్రీ 431-513) వద్దకు ఒకడు వచ్చి, నీటిలో ఎన్నిసార్లు మునిగినా తాను శుద్ధి అయ్యానో లేదోనని అనుమానం పోవడం లేదని మొరపెట్టుకున్నాడట. అయితే నీకు నమాజు బాధ్యతే లేదని ఇమామ్ అన్నారు. ఎందుకని వాడు ఆశ్చర్యపోగా, మతిస్థిమితం లేనివారికి బాధ్యత లేదు కదా, నీటిలో మునిగి కూడా తడిశానో లేదో అనేవాడిని ఇంకేమనాలి అన్నారట!

మన రైతు సోదరుల విషయమూ ఇంతే. 2021-22లో నల్ల తామర పురుగు పల్నాటి మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు, తమ దురదృష్టమే కారణమని కుమిలిపోయినవారు ఎందరో. అటువంటి వేళ ఇల్లాలు మెల్లగా, “ఏవండీ, ఖమ్మం తోటల మీద కూడా మీ చేయే పడిందా?” అని అడగవచ్చు. అప్పు అందువల్ల తీరదు. కానీ నేరం మోస్తున్న మనిషి ఆ నేరాన్ని దించి, అప్పు సంగతి ఆలోచించగలుగుతాడు.

ధర్మంలో ఇంత నవ్వుకు తావున్నదా అని కొందరు అడగవచ్చు. ‘సహీహ్ ముస్లిం’లోని హజ్రత్ హన్‌జలా (రజి) వృత్తాంతం చూడండి. దైవప్రవక్త (స) సన్నిధిలో స్వర్గనరకాలు కళ్ళెదుట ఉన్నట్లు తోచేవి. ఇంటికి వెళ్ళి ఆలుబిడ్డలతో గడిపితే ఆ స్థితి సడలిపోయేది. దానితో ఆయన తనను తాను కపటిగా ప్రకటించుకున్నారు. తనకూ అలాగే అవుతుందని హజ్రత్ అబూబక్ర్ (రజి) అన్నారు. ఇద్దరూ వెళ్ళి విన్నవించగా, ఎల్లవేళలా అదే స్థితిలో ఉంటే దైవదూతలే వచ్చి మీతో కరచాలనం చేసేవారని, ఒక ఘడియ అందుకు, ఒక ఘడియ ఇందుకు అని దైవప్రవక్త (స) ఊరడించారు. భార్యాబిడ్డలతో గడిపిన ఘడియను ఆయన కపటంగా లెక్కించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తప్పు చేసినప్పుడు కలిగే పశ్చాత్తాపాన్ని నవ్వి తోసివేయరాదు. రెండింటినీ గుర్తించడం సులువే. పశ్చాత్తాపం “ఈ పని తప్పు, సరిదిద్దుకో” అంటూ తౌబా తలుపు చూపిస్తుంది. గుసగుస “నీవే తప్పు” అంటూ తలుపు మూసివేస్తుంది. అలాగే హాస్యంలో అబద్ధం ఉండరాదు, ఎదుటివారి లోపం నవ్వులపాలు కారాదు.

నిద్ర, ఆహారం మాని, బ్రతుకే వద్దనే మాట ఇంట్లో ఎవరి నోటనైనా వినిపిస్తే అది ఆటలతో పోయేది కాదు. వారిని ఒంటరిగా వదలకండి. ఇంట్లోని పురుగుమందులకు తాళం వేయండి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే లభిస్తుంది. వ్యాధికి చికిత్స పొందమన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే.

అల్లాహ్ మన నాలుకలను ఇతరుల నిందనుండీ, మన నిందనుండీ కాపాడుగాక! ఆమీన్.