లోపలి తలుపూ తెరిచి ఉంచాలి

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ శివార్లలోని దోర్దోయ్ బజారులో దుకాణాలంటే ఓడల్లో సరుకు మోసే ఇనుప కంటెయినర్లే. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కింది పెట్టెలో అమ్మకం, పైదాంట్లో నిల్వ. చైనా నుంచి చవగ్గా దిగిన బట్టలు, బూట్లు ఇక్కడి నుంచే కజకిస్తాన్, రష్యాలకు తరలేవి. 1998లోనే ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరి, సుంకాలు పొరుగువారి కంటే తక్కువగా ఉంచుకున్న కిర్గిజ్‌స్తాన్‌కు ఆ తేడాయే బతుకుతెరువు.

2015 ఆగస్టులో ఆ దేశం యురేషియా ఆర్థిక కూటమిలో చేరింది. ఇది కస్టమ్స్ యూనియన్: సభ్యుల మధ్య సుంకం ఉండదు, బయటి సరుకు మీద అందరిదీ ఒకే సుంకం. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో ఎవరి సుంకం వారి చేతిలోనే ఉంటుంది. కస్టమ్స్ యూనియన్‌లో ఆ హక్కు వదులుకోవాలి. కిర్గిజ్‌స్తాన్ వదులుకుంది. బయటి నుంచి తెచ్చే కార్ల మీద సుంకం పెరిగింది, దోర్దోయ్ బేరాలు తగ్గాయి. చవకైన బయటి సరుకును కాదని ఖరీదైన కూటమి సరుకు కొనడం వాణిజ్యం పెరగడం కాదని, దారి మళ్లడమేనని ఆర్థికవేత్త జేకబ్ వైనర్ 1950లోనే చెప్పారు.

అయితే చేరిక వల్ల ఒరిగిందేమీ లేదనడం అన్యాయం. రష్యాలో పనిచేసే లక్షలాది కిర్గిజ్ కార్మికులకు పర్మిట్ల బెడద తప్పింది. గల్ఫ్ డబ్బుతో పొయ్యి వెలిగే కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు ఆ ఊరట విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

అసలు దెబ్బ 2017 అక్టోబరులో తగిలింది. అప్పటి కిర్గిజ్ అధ్యక్షుడు అతంబాయెవ్, కూటమిలోనే ఉన్న కజకిస్తాన్ పాలకులను విమర్శించగానే సరిహద్దులో తనిఖీలు బిగిశాయి. లారీలు రోజుల తరబడి బారులు తీరాయి. పాలకుల పంతానికి, సరుకు కుళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్న రైతుకు ఏం సంబంధం?

కూటమి వసూలు చేసే దిగుమతి సుంకాల్లో కిర్గిజ్ వాటా 1.9 శాతంగా నిర్ణయించారు. అంత చిన్న దేశం చేత బయటి తలుపు మూయించినవారు, లోపలి తలుపు మూసే హక్కు ఏ పొరుగుదేశానికీ ఇవ్వకూడదు. సరిహద్దు బిగించే సభ్యదేశం కారణాన్ని ముందే రాతపూర్వకంగా చూపాలి. పాడైపోయే సరుకును ఆపకూడదు. అకారణంగా ఆపితే రైతుకు పరిహారం కట్టాలి. ఇవి నిబంధనల్లోకి ఎక్కేదాకా కొత్త సభ్యులను చేర్చుకునే మాట కూటమి ఎత్తకూడదు.